డోర్ నంబరు లేని ఇల్లు

మీలో ఎవరైనా కొత్తగా ప్రభుత్వోద్యోగంలో చేరి, ఫారాలు నింపే సీటు దొరికిందని దిగులుపడుతూ ఉంటే ఈ నాలుగు మాటలు మీకోసమే. ముప్ఫై మూడేళ్ళ సర్వీసులో నేను నింపినవన్నీ ఫారాలే. వాటిలో ఒక్కటి తప్ప ఏదీ నాకు గుర్తులేదు. ఆ ఒక్కటి తప్పుగా నింపాను కాబట్టి గుర్తుంది.

రిటైరయ్యే ముందు చివరి నాలుగేళ్ళు గృహహింస చట్టం కింద వచ్చే ఫిర్యాదులు చూసే ఒక చిన్న ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుగా ఉన్నాను. నన్ను అక్కడికి ఎందుకు వేశారో ఎవరూ చెప్పలేదు. నా దస్తూరీ బాగుంటుందని వేశారని కొందరన్నారు. పాత ఆఫీసులో నా జోకులు భరించలేక వేశారని ఇంకొందరన్నారు. రెండూ నిజమే అయ్యుంటాయి.

ఆఫీసంటే ముగ్గురం. మొదటివారు మేడమ్, అంటే రక్షణాధికారి. ఆవిడ గొంతు పెంచగా నేనెప్పుడూ వినలేదు. ఎదుటివాడు అరిచేకొద్దీ ఆవిడ గొంతు తగ్గించేవారు. ఆవిడ ఏమంటున్నారో వినాలంటే వాడు అరవడం ఆపాల్సి వచ్చేది. ఇంత చవకైన ఆయుధం ఏ పోలీసు స్టేషన్లోనూ చూడలేదు. రెండో మనిషి మా మహిళా హోంగార్డు. ముసునూరు వైపు అమ్మాయి. వాళ్ళ నాన్న బతుకంతా మామిడి తోటలకు కాపలా ఉన్నాడు. ఆకు నలిపి వాసన చూసి ఇది చిన్నరసం, ఇది బంగినపల్లి అని చెప్పేది. నేను బోటనీలో డిగ్రీ చేశాను కనుక దాని లాటిన్ పేరు చెప్పేవాణ్ణి. ఎవరూ అడిగేవాళ్ళు కాదు. ఆ మూడో మనిషిని నేను.

మా పని చెప్పడానికి సులువే. హింసకు గురైన స్త్రీ వస్తే ఆవిడ చెప్పింది విని, సంఘటన నివేదిక అనే ఫారం నింపి, మేజిస్ట్రేటు కోర్టుకి పంపాలి. కోర్టు ఇచ్చిన ఉత్తర్వు అమలయ్యేలా చూడాలి. ఈ చట్టంలో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. ఆడమనిషిని ఇంట్లోంచి గెంటేస్తే, ఆ ఇల్లు ఎవరి పేరున ఉందని అది అడగదు. కాపురం ఉన్న ఇంట్లో ఉండే హక్కు ఆవిడకి ఉందంటుంది, అంతే. దీన్ని రాసినవాళ్ళు మనుషుల్ని బాగా ఎరిగినవాళ్ళు. నాలాంటి గుమస్తాల్ని మాత్రం అంతగా ఎరగరు.

నేను తప్పుగా నింపిన ఆ ఫారం తాలూకు ఆవిడ వచ్చింది మామిడి పిందె కట్టే రోజుల్లో. తొమ్మిదేళ్ళ కూతుర్ని వెంటబెట్టుకుని ఉంగుటూరులోని అక్క ఇంటినుంచి వచ్చింది. పెళ్ళై పదకొండేళ్ళు. భర్త ఏం చేశాడో, ఎన్నిసార్లు చేశాడో చెప్పింది. ఆ భాగం గురించి హాస్యంగా రాయడం నాకు చేతకాదు, రాయను కూడా. చివరికి ఓ సాయంత్రం తల్లినీ పిల్లనీ బయటికి నెట్టి గేటుకి తాళం వేశాడు. కట్టుబట్టలతో హనుమాన్ జంక్షన్ దాకా వచ్చి అక్కడ బస్సెక్కారు. ఆవిడ ఇవన్నీ గొంతు వణక్కుండా చెప్పింది.

తర్వాత "నివాసం" అన్న గడి దగ్గరికి వచ్చాం.

"ఎక్కడుంటారమ్మా?"

"తోటలోనండీ."

"తోటలో అంటే కాపలాకి. ఇల్లెక్కడ?"

"అదేనండీ, తోటలోనే. రేకుల షెడ్డు."

"డోర్ నంబరు?"

"తోటకి డోర్ నంబరేంటండీ?"

ఆవిడ మొహంలో నవ్వులాంటిది ఒకటి వచ్చి పోయింది. ఆ పూటకి అదొక్కటే. నేను ఆధార్ కార్డు అడిగాను. దాని మీద చక్కగా డోర్ నంబరుతో సహా ఊళ్ళో ఇంటి చిరునామా ఉంది.

"మరి ఇదేంటమ్మా?"

"అది మా అత్తగారి ఇల్లండీ. కార్డులూ కాయితాలూ అక్కడికొస్తాయని ఆ అడ్రసు ఇచ్చారు."

"ఆఁ, అదే" అంటూ ఆ చిరునామా రాసేశాను.

మా వైపు మామిడి కాపుకి వచ్చిందంటే సగం ఊరు తోటల్లోకి మకాం మారుస్తుంది. పంట దిగాక మళ్ళీ ఊళ్ళోకి వస్తుంది. ఈవిడ కూడా అలాగే నాలుగు నెలలు షెడ్డులో ఉండి, దాన్నే ఇల్లంటోందని అనుకున్నాను. ఆవిడ పదకొండేళ్ళూ పన్నెండు నెలలూ అక్కడే ఉందేమోనన్న ఆలోచనే నాకు రాలేదు. రాసింది ఆవిడకి చదివి వినిపించాలని నియమం. వినిపించాను కూడా. రైల్వే స్టేషన్లో బండి రాకను ప్రకటించే పద్ధతిలో వినిపించాను. ఆవిడ సంతకం పెట్టింది.

మేజిస్ట్రేటు గారు ఆలస్యం చెయ్యలేదు. ఫలానా డోర్ నంబరు ఇంట్లో ఆవిడని ఉండనివ్వాలి, చెయ్యి చేసుకోకూడదు అని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చారు. గురువారం పొద్దున్నే ముగ్గురం, తోడుగా ఒక కానిస్టేబులు, ఆవిడా పాపా కలిసి ఆ ఊరు వెళ్ళాం. ఇలాంటి రోజుల్లో మాకు మామూలుగా ఎదురయ్యేవి తాళం వేసిన తలుపు, విప్పిన కుక్క, ఫోన్లో ఎవరో పెద్దాయన. ఆ రోజు మూడూ లేవు.

"రండి రండి మేడమ్ గారూ, ఎండన పడొచ్చారు" అంటూ అత్తగారు గుమ్మంలోకి వచ్చి మజ్జిగ గ్లాసులు అందించింది. "కోడలికి ఈ గది ఖాళీ చేయించాను. చూడండి, కడిగి పెట్టాం. ఇంతవరకూ ఈ గదిలో మామిడికాయలే గానీ మనుషులు పడుకోలేదు."

నిజమే. కాయలు మగ్గబెట్టే గది అది. గోడల వెంట ఇంకా వరిగడ్డి వాసన.

"వంటింట్లోకి కూడా రానిస్తానండీ" అందావిడ, పెద్ద వరం ఇస్తున్నట్టు. "ఈ పదకొండేళ్ళలో నా వంటింట్లో ఇంకో ఆడమనిషి అడుగు పెట్టలేదు. ఏదో కోర్టువారు చెప్పారు కాబట్టి."

కొడుకు తెల్లచొక్కా వేసుకుని చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "కోర్టు మాటకి ఎదురేముంది సార్" అని ఆ గది తాళంచెవి నా చేతిలో పెట్టాడు. నా సర్వీసులో ఇంత మర్యాదగా అమలైన ఉత్తర్వు లేదు. "ప్రశాంత వాతావరణములో" అంటూ మనసులో నివేదిక మొదలుపెట్టేశాను.

ఆవిడ మాత్రం గేటు బయటే ఉంది.

"రామ్మా" అన్నాను.

"ఎక్కడికండీ?"

"ఇంట్లోకి."

"ఇది మా ఇల్లు కాదు సార్. ఆ రోజే చెప్పాను మీకు."

మా హోంగార్డు గ్లాసు గట్టుమీద పెట్టి గేటు దగ్గరికి నడిచింది.

"అక్కా, నీ పొయ్యి ఎక్కడుంది?"

"తోటలో."

"మామిడి అంట్లు కడతావా?"

"కడతా. వానలు పడగానే అమ్ముకోవాలి. మొక్కలకి నీళ్ళు పెట్టి పన్నెండు రోజులైంది చెల్లీ. ఎన్ని బతికున్నాయో."

"తోట గుత్తకిస్తున్నారా?"

"ఎల్లుండి శనివారం కాపలావాళ్ళని దింపుతారంట. పక్క తోటావిడ ఫోన్ చేసింది. షెడ్డుతో సహా ఇచ్చేశాడంట."

గుత్త అంటే తెలియనివాళ్ళకి చెబుతాను. చెట్టుమీద ఉండగానే కాపు మొత్తం ఒకరికి అప్పగించేయడం. అతను తన కాపలావాళ్ళని తెచ్చుకుంటాడు. వాళ్ళు షెడ్డులో దిగుతారు. దిగారంటే ఆవిడ ఇల్లూ, కట్టిన అంట్లూ, వాటితో బతికే దారీ, మూడూ పోయినట్టే. ఇటు చూస్తే ఆవిడకి ఉత్తర్వు ప్రకారం గది ఇచ్చారు, మజ్జిగ కూడా ఇచ్చారు. ఇక కోర్టుకి వెళ్ళి ఏం అడుగుతుంది?

"తోట మా అమ్మ పేరున ఉంది సార్. ఎవరికైనా ఇచ్చుకుంటాం" అన్నాడు భర్త. చేతులు అలాగే కట్టుకుని ఉన్నాడు. "ఆర్డర్లో తోట లేదుగా?"

లేదు. లేకుండా చూసిన ఘనుణ్ణి నేనే.

ఆవిడా పాపా ఆ పూటకి మళ్ళీ ఉంగుటూరు బస్సెక్కారు. తిరుగు ప్రయాణంలో జీపులో ఎవరూ నన్ను తిట్టలేదు. అదే అన్నిటికన్నా కష్టమైన విషయం. ఎవరైనా తిడితే ఏదో ఒక జోకు వేయవచ్చు.

"ఆవిడ తోట అని చెప్పిందా?" అన్నారు మేడమ్ చివరికి.

"చెప్పిందండీ."

"మీరు ఊళ్ళో ఇల్లని రాశారు."

"రాశానండీ."

"ఎందుకు?"

"గడి ఖాళీగా ఉంటే నాకు నిద్రపట్టదండీ."

"ఈ రాత్రి ఎలాగూ పట్టదు లెండి" అంది వెనకనుంచి హోంగార్డు.

అప్పుడు నేనొక ఉపాయం చెప్పాను. సిగ్గుపడుతూనే ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే మీలో ప్రతి ఒక్కరికీ ఏదో ఒకనాడు ఇలాంటి ఉపాయం తడుతుంది. "బాధితురాలు మొదట పొరపాటున ఊరి చిరునామా తెలిపినందున" అని రాసి సవరణ కోరితే ఎవరికీ మాట రాదు కదా అన్నాను.

మేడమ్ గొంతు తగ్గించారు. అంత తగ్గించడం అంతకుముందు వినలేదు.

"సాక్షులు లేరు. ఆవిడ మాట మీదే ఈ కేసు నిలబడి ఉంది. ఇల్లు ఎక్కడో కూడా ఆవిడ ఒకసారి ఒకటి, ఇంకోసారి ఒకటి చెప్పిందని మనమే రాస్తే, కొట్టాడన్న మాటకి విలువేముంటుంది? తప్పు ఆఫీసుదని రాయండి. చిన్న వాక్యం చాలు."

"ఆవిడ సరిగానే చెప్పినది, నేను తప్పుగా రాసితిని." నా సర్వీసు మొత్తంలో నేను రాసిన చిన్న వాక్యాల్లో అదొకటి. ఎక్కువ సేపు పట్టింది కూడా దానికే. దాని కింద మేడమ్ సంతకం చేశారు. చేసేముందు "నేను" అన్న మాట కొట్టేసి "మా కార్యాలయము" అని, "రాసితిని"ని "రాసినది" అని తన చేత్తో దిద్దారు. నన్ను పేరుపెట్టి బలి ఇవ్వడానికి ఆవిడకి అన్ని కారణాలూ ఉన్నాయి. ఆవిడ వాటిలో ఒక్కటీ వాడుకోలేదు.

శుక్రవారం పొద్దున బాధితురాలి తరఫున సవరణ దరఖాస్తు కోర్టులో పడింది. భర్త తరఫు లాయరు గారు లేచి నా మొదటి నివేదిక చదివారు. "బాధితురాలు తన భర్తతో కలసి పై డోర్ నంబరు గల గృహమునందు నివసించుచుండెను." ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివారు. నా వచనాన్ని అంత శ్రద్ధగా చదివినవారు అంతకుముందు లేరు, తర్వాతా దొరకలేదు.

"అధికారులే ఇంత స్పష్టంగా రాశాక, ఇప్పుడు గుత్త సంగతి తెలిసి మాట మార్చారు" అన్నారాయన.

మేడమ్ నావైపు చూశారు. కాగితంలో నన్ను కాపాడినావిడ, కోర్టులో నేనే లేచి నిలబడతానేమోనని చూస్తున్నారు. నిలబడ్డాను.

"ఇది రాసింది నేనేనండీ. ఆవిడ తోట అనే చెప్పారు. ఒకసారి కాదు, రెండుసార్లు."

"మరి మీరెందుకు ఇలా రాశారు?" అని అడిగారు మేజిస్ట్రేటు గారు.

"డోర్ నంబరు లేనిది ఇల్లు కాదనుకున్నానండీ."

"ఫారంలో డోర్ నంబరు అడిగారా?"

చూసుకున్నాను. అడగలేదు. నివాసం అని రాసి ఎదురుగా ఖాళీ గీతలున్నాయి, అంతే. ముప్ఫై ఏళ్ళ అలవాటులో నంబరు నేనే కలుపుకున్నాను.

లాయరు గారు వదల్లేదు. అది కాపలా పాక అన్నారు. ఇంటి పన్ను లేదన్నారు. తోట అత్తగారి పేరున ఉందన్నారు.

"పన్ను సంగతి పంచాయతీవాళ్ళు చూసుకుంటారు" అన్నారు మేజిస్ట్రేటు గారు. "ఎవరి పేరున ఉందో కూడా నాకు అక్కర్లేదు. ఆవిడ కాపురం ఎక్కడుందో కావాలి. రక్షణాధికారి వెళ్ళి చూసి, సాయంత్రం లోపల రాసి తీసుకురండి." తర్వాత నావైపు తిరిగి, "ఈసారి కళ్ళతో చూసింది రాయండి" అన్నారు. ఉద్యోగంలో నాకు దొరికిన మొత్తం శిక్షణ ఆ ఒక్క మాటలో ఉంది. కాకపోతే రిటైర్మెంటుకి ఏడాది ముందు దొరికింది.

తోటకి వెళ్ళేసరికి మధ్యాహ్నం. భర్త తాళం తీశాడు. ఈసారి మజ్జిగ లేదు. నేను చూసింది రాసుకున్నాను. రెండు పొయ్యిల గ్యాసు స్టవ్వు, పక్కనే కట్టెల పొయ్యి, దాని పైరేకు నల్లగా మసిబారి ఉంది. చర్చి క్యాలెండరు, దాని మీద పాప బడి సెలవులకు గుండ్రాలు. దండెం మీద ఆవిడ చీర, పాప యూనిఫాం గౌను. గోడకు కొట్టిన చిన్న అద్దం, దాని అంచున నాలుగు బొట్టుబిళ్ళల లాంటివి కనిపిస్తే దగ్గరికి వెళ్ళి చూశాను. పాప అంటించిన కార్టూన్ బొమ్మలు. బడి ఆటో రోజూ ఈ తోట గేటు దగ్గరే ఆగేదని పక్క తోటావిడ చెప్పింది. అదీ రాశాను.

షెడ్డు వెనక ఆకుపచ్చ వల కింద అంట్ల మడి. సంచుల్లో మొక్కలు, ప్రతి మొక్కకీ అంటు కట్టిన చోట ప్లాస్టిక్ పట్టీ. కొన్ని ఎండిపోయాయి. చాలావాటికి ఇంకా ప్రాణం ఉంది.

"ఇవి మా కూలీలు కట్టారు సార్. ఆవిడ అప్పుడప్పుడూ వచ్చి పోయేది" అన్నాడు భర్త.

హోంగార్డు వంగి ఒక మొక్క చూసింది. ఇంకొకటి చూసింది. వరస చివరిదాకా నడిచి వచ్చింది.

"ఇదంతా ఒక్క చేతి పనే సార్. పట్టీ చుట్టిన వైపు చూడండి. మామూలుగా మనం ఇటు చుడతాం. ఇవన్నీ అటు ఉన్నాయి. ఆవిడది ఎడంచెయ్యి. మన ఫారం మీద సంతకం కూడా ఎడంచేత్తోనే పెట్టింది, మీరు చూడలేదా?"

నేను చూడలేదు. సంతకం గడి దాటిందా లేదా అని మాత్రం చూశాను.

"కూలీలందరూ ఎడమచేతివాళ్ళేనా అండీ?" అని ఆయన్ని నెమ్మదిగా అడిగారు మేడమ్. ఆయన బోరు మోటారు చూసొస్తానని అటు నడిచాడు.

దారిలో ఊళ్ళో ఆగి ఆ అత్తగారిని మేడమ్ ఒక్కటే అడిగారు. "నిన్న గది గురించీ, వంటిల్లు గురించీ ఒక మాట అన్నారు. రాసుకోమంటారా?"

"రాసుకోండి. అబద్ధమేముంది అందులో?" అంది పెద్దావిడ. "పదకొండేళ్ళలో నా వంటింట్లో చెయ్యి పెట్టనివ్వలేదు. ఊళ్ళో ఎవరినైనా అడగండి."

మా వెనకే వచ్చిన కొడుకు "అమ్మా" అన్నాడు. అప్పటికే నేను రాసేశాను. నా దస్తూరీ బాగుంటుందే గానీ వేగం కూడా తక్కువేం కాదు.

సాయంత్రం ఉత్తర్వు వచ్చింది. తోటలోని ఇంట్లో ఆవిడా పాపా ఉండాలి. భర్త ఊళ్ళో తల్లి ఇంట్లో ఉండాలి, తోట ఇంటి ఛాయలకు రాకూడదు. గుత్త ఎవరికిచ్చినా ఇల్లూ అంట్ల మడీ అందులో కలపకూడదు. పోలీసులు సాయపడాలి. చట్టం, కోర్టు అంటే కొండంత పుస్తకాలని భయపడేవాళ్ళు ఆ కాగితం చూడాలి. ఒకటిన్నర పేజీ. హద్దులు రాయాల్సిన చోట "తూర్పున బోరు, పడమట అంట్ల మడి, మధ్యనున్న రేకుల ఇల్లు" అని ఉంది. షెడ్డు అనలేదు, పాక అనలేదు. ఇల్లు అన్నారు. నేను ఆ మాటని వేలితో ఒకసారి తడిమాను, ఎవరూ చూడకుండా.

శనివారం మేం వెళ్ళేసరికి గుత్తకు తీసుకున్నాయన అప్పటికే ట్రాలీ ఆటోలో నులకమంచాలు వేసుకుని దిగాడు. మేడమ్ ఉత్తర్వు చదివి వినిపించారు. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"నాకు కాయలు కావాలి గానీ కాపురాలెందుకండీ?" అన్నాడు. "మావాళ్ళు అవతల చెట్ల కింద డేరా వేసుకుంటారు. ఒరేయ్, మంచాలు దించమాకండిరా!"

భర్త తన బట్టలు సంచిలో పెట్టుకుని వచ్చాడు. నా దగ్గర ఆగి, "అంతా మీరే చేశారు సార్" అన్నాడు. ఒక రకంగా నిజమే. మొదట ఆయన పక్షాన చేశాను, తర్వాత ఆవిడ పక్షాన. ఆ వివరం ఆయనకి చెప్పలేదు.

ఆవిడ లోపలికి వెళ్ళి, ఇల్లంతా ఒకసారి చూసి బయటికొచ్చింది.

"ఇక మళ్ళీ వెళ్ళగొట్టలేడా మేడమ్ గారూ?"

మేడమ్ తేలిక మాట చెప్పలేదు. "కేసు ఇంకా నడవాలమ్మా. ఈ ఉత్తర్వు ఉన్నంతకాలం అతను దాన్ని దాటితే అదే పెద్ద నేరం. అడుగు లోపల పెట్టినా ఫోన్ చెయ్యి. మేం వస్తాం."

ఆవిడ తల ఊపింది. కృతజ్ఞతలు, కన్నీళ్ళు ఏవో ఉంటాయని నేను సర్దుకుని నిలబడ్డాను. ఏమీ లేవు. కొంగు బిగించి మోటారు వేసింది. పైపు లాక్కుంటూ మడి దగ్గరికొచ్చి వరస మొదటినుంచీ నీళ్ళు పెట్టడం మొదలుపెట్టింది. పాప ఎండిపోయినవాటిని ఏరి పక్కన పెడుతోంది. నేను ప్యాడ్ తీసి ఉత్తర్వు అమలైన నివేదిక రాస్తున్నాను.

"సార్."

"చెప్పమ్మా."

"కాస్త పక్కకి జరగండి. మడిలో నిలబడ్డారు. మొక్కలు తొక్కుతున్నారు."

జరిగాను.

"ఇంకొంచెం."

మేడమ్ గారు, హోంగార్డు అప్పటికే కంచె అవతల ఉన్నారు. నేనూ వెళ్ళి వాళ్ళ పక్కన నిలబడి మిగతాది రాశాను. అక్కడినుంచి ఇల్లు బాగా కనిపించింది.